పరీక్షలో ఉన్న చెయ్యి

విదియ

పని లేనివాళ్ళు రోజూ ఏం చేశారో రాసి పంపితేనే మంచినీళ్ళ వంతు వేస్తామని వార్డు ఆఫీసు అంటోంది కాబట్టి రాస్తున్నాను. పొద్దున్నే లేచాను. నీళ్ళ మీద తేలే మా ఇంటిని కట్టిన తాళ్ళకు పట్టిన నాచు గీకాను. తెప్పలపేటలో మాది చివరి వరస, కెరటం దెబ్బ ముందు మాకే తగులుతుంది. నాచు గీకకపోతే తాడు బరువెక్కి ఇల్లు ఒక పక్కకి ఒరుగుతుంది. అప్పుడు అన్నం గిన్నె పొయ్యి మీద నిలవదు. మా ఆయన అప్పలకొండ క్యాంటీన్‌లో వంట చేస్తాడు కాబట్టి ఇంట్లో గిన్నె నిలవకపోయినా ఆయనకు పెద్ద బాధ లేదు.

నా పేరు మైలపల్లి నూకరత్నం. సముద్రం అడుగున మంచినీటి గొట్టాలకు వెల్డింగు చేసేదాన్ని. మా గొట్టం పాతబడిందని మూసేశారు, దాంతో మా పనీ పోయింది. పున్నమి పోటుకి పెద్ద ఓడ ఒకటి మా రేవు నుంచి కదులుతుంది. దక్షిణాన కొత్త గొట్టం వేస్తారు. ఓడలో చోటు దొరికితే ఏడాదంతా పని. దొరక్కపోతే మళ్ళీ ఏడాది దాకా నాచు గీకడమే. ఇంతకంటే వివరంగా కావాలంటే వార్డువారు ఒకసారి వచ్చి ఈ తాడు పట్టుకోవచ్చు.

చవితి

వెల్డింగు చేతి తొడుగులు ఉతికి ఆరేశాను. ఉప్పునీళ్ళు వాటిని ఏమీ చెయ్యవు గానీ మనిషి చెమటకు కంపు కొడతాయి. నేను పనిలో చేరిన రోజు ఇచ్చిన జత ఇది. అప్పటినుంచీ నా చేతులు ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ తొందరపడతాయో అన్నీ నేర్చుకుంది. మరచేతికి, అంటే యంత్రపు చేతికి, తొడిగితే అది అచ్చం నాలాగే పని చేస్తుంది. అందుకే తొడుగుల్ని తోడబుట్టినవాళ్ళు అడిగినా ఇవ్వరు.

ఆరేస్తుండగానే ఒక చిన్న పడవ వచ్చి మా ఇంటికి ఆనుకుంది. అందులోంచి శశిరేఖ అనే ఆవిడ దిగింది. ఉద్యోగాల ఏజెంటునని చెప్పింది. చక్కగా మాట్లాడింది. నన్ను గారూ మీరూ అంది. నా పాత పనంతా ముందే తెలుసుకుని వచ్చింది. ఓడలో చోటు మీకు దాదాపు ఖాయం, ఒక్క చేతి పరీక్ష మిగిలింది, తొడుగు ఇస్తే ఓడవాళ్ళ దగ్గర మరచేతికి తొడిగి చూపిస్తానంది. మీ ఆఫీసు ఎక్కడ అని అడిగితే రేవు అవతల అని చెయ్యి ఊపింది. ఈలోగా వేరే ఏజెంట్లతో మాట్లాడితే నా పేరు పలచనవుతుందని కూడా చెప్పింది. అప్పలకొండ పెట్టిన కానాగంతల చేపల పులుసు రెండుసార్లు వేయించుకుని తింది. ఆయన ఉబ్బిపోయాడు.

నేను మాత్రం తెలివితక్కువదాన్ని కాను. ఏజెంట్ల విషయంలో వార్డు గోడలన్నిటి మీదా రాసి ఉంది కదా, ఎడమది ఇవ్వు, కుడిది దాచుకో అని. బళ్ళో పిల్లలచేత కూడా వల్లె వేయిస్తారు. ఎడమ తొడుగు చూస్తే చేతిలో నైపుణ్యం ఉందో లేదో తెలుస్తుంది గానీ దాంతో పని నడవదు. కుడిది ఉద్యోగం కాగితం చేతికొచ్చాకే ఇవ్వాలి. శశిరేఖ కూడా ఎడమది చాలండీ అని తనే అంది. ఆ మాటతో నాకు నమ్మకం కుదిరింది. ఎడమ తొడుగు ఇచ్చి, పరీక్షకు ఒప్పుకుంటున్నానని ఆవిడ పలక మీద వేలిముద్ర వేశాను.

షష్ఠి

నాచు. నీళ్ళ లైను. శశిరేఖ నుంచి కబురు లేదు. పక్కింటికి పడవలో ఇంకో ఏజెంటు వచ్చాడట, నేను ఎదురుపడలేదు. ఇచ్చిన మాట ఇచ్చిన మాటే.

అష్టమి

ఈరోజు జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

సాయంత్రం చేపలు కోస్తున్నాను. అప్పలకొండ పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తూ క్యాంటీన్ కబుర్లు చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

“రత్నం, ఏ సేత్తో కోత్తన్నావే?”

“సేత్తోనే. కాలితో కోత్తారేటి?”

“అది కాదే. ఏ సేత్తో అంతన్నాను.”

కత్తి వైపు చూసుకున్నాను. ఎడమచేతిలో ఉంది. ఎప్పుడూ అందులోనే ఉంటుంది.

“మరి ఎల్డింగు ఏ సేత్తో సేత్తావు?” అన్నాడాయన, చాలా మెల్లగా.

నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు ఎడమచేత్తో ముద్ద ఎత్తితే మా అమ్మ గరిటె తిరగేసి కొట్టేది. ఎవరికైనా ఏదైనా ఎడమచేత్తో అందిస్తే ఊరంతా మొహం చిట్లించేది. అందుకని తినడం, ఇవ్వడం, దణ్ణం పెట్టడం కుడిచేతికి నేర్పించుకున్నాను. నలుగురిలో నాది కుడిచెయ్యే. పనిలో మాత్రం, నీళ్ళ అడుగున ఎవరు చూస్తారు గనక, ఎడమచెయ్యే. ఇన్నేళ్ళలో ఈ రెండిటినీ కలిపి ఒక్కసారి ఆలోచించలేదు. ఎడమది ఇవ్వు అని గోడ చెప్పింది, ఇచ్చేశాను. ఆ గోడ నాలాంటివాళ్ళ కోసం రాసింది కాదని తట్టనే లేదు. పైగా ఆ ఒక్క జాగ్రత్త తీసుకున్నానన్న ధీమాలో ఆఫీసు ఎక్కడో చెప్పకపోయినా, వేరేవాళ్ళతో మాట్లాడొద్దన్నా అన్నిటికీ తల ఊపాను. తలుపుకి తాళం వేసి కిటికీ తెరిచి పడుకున్నట్టయింది.

కుడి తొడుగు పెట్టెలో భద్రంగా ఉంది. దానికి గొట్టం కదలకుండా పట్టుకోవడం తప్ప ఇంకేమీ రాదు.

నవమి

రేవు అవతల శశిరేఖ ఆఫీసు ఎవరికీ తెలియదు. ఆవిడ నంబరు మోగి మోగి ఆగిపోతోంది. వార్డు ఆఫీసుకి వెళ్ళాను. ఈ రాతలు చదివేది మీరే కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. కిటికీ దగ్గర ఉన్న అబ్బాయి మర్యాదగానే విన్నాడు. ఎడమ తొడుగుతో పని నడవదు కాబట్టి ఎడమ తొడుగు గురించి ఫిర్యాదు తీసుకునే పద్ధతే లేదన్నాడు. నాది పుర్రచెయ్యి బాబూ అన్నాను. రికార్డులో మీరు కుడిచేతివాళ్ళని ఉందండీ అన్నాడు. ఎవరు రాశారంటే, చేరినప్పుడు మీరే చెప్పి ఉంటారన్నాడు. నిజమే. అడిగితే అందరం అదే చెబుతాం. కోపం వచ్చింది గానీ అది ఆ అబ్బాయి మీద వచ్చింది కాదు.

ఓడకి మనుషుల్ని తీసుకునే పని సరంగు ఎస్తేరుది. ఓడ మీద కూలీలందరికీ పెద్ద ఆవిడే. ముందే నేరుగా ఆవిడనే అడిగి ఉండాల్సింది. ఇప్పుడైనా అడుగుదామని రేవులో ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాను. శశిరేఖ అనే ఏజెంటుని మీరు పంపారా అంటే, మా ఓడకి ఏజెంట్లే లేరని చెప్పింది. ఆ తర్వాత పలక మీద నా పేరు కొట్టి చూసి తల అడ్డంగా ఊపింది. నా తొడుగు ఎక్కడో పరీక్షలో ఉందట. ఒక చోట పరీక్షలో ఉన్న చేతిని ఇంకో చోట పనిలోకి తీసుకోకూడదట. అది తెమిలితే రమ్మంది. ఎక్కడ పరీక్షలో ఉందో మాత్రం చూసి చెప్పింది. ఉత్తరం వైపు గొట్టాల షెడ్డు.

దశమి

గొట్టాల షెడ్డుకి పడవ మీద వెళ్ళాను. అక్కడి సూపర్‌వైజరు జగన్నాయకులు. పెద్దమనిషి, లోపలికి రానిచ్చాడు, కూర్చోమని టీ కూడా ఇప్పించాడు. నేను కూర్చోలేదు. వరసగా పేర్చిన గొట్టాల దగ్గరికి వెళ్ళి అతుకులు చూశాను.

వెల్డింగు చేసేటప్పుడు చివర గుంట పడకుండా ఎవరైనా కాస్త వెనక్కి తిప్పి నింపుతారు. అందరి తోకా కుడివైపు తిరుగుతుంది. నాది ఎడమవైపు తిరుగుతుంది. పాత గొట్టం మీద పనిచేసిన రోజుల్లో తోటివాళ్ళు దాన్ని నూకరత్నం పిలక అనేవాళ్ళు. ఇక్కడ నేనెప్పుడూ ముట్టుకోని గొట్టాల మీద, వరసన, ప్రతి అతుకు చివరా నా పిలక ఉంది. చాలా బాగా వేసిన అతుకులు. ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. వేలితో తడిమి చూశాను. ఇంకా వెచ్చగా ఉంది. అప్పుడు కూర్చున్నాను.

కాస్త అవతల మరచెయ్యి తర్వాతి గొట్టం అందుకుంటోంది. నా తొడుగు తొడుక్కుని ఉంది. మణికట్టు దగ్గర నేను కుట్టుకున్న మాసిక కూడా కనిపించింది.

జగన్నాయకులు కాగితాలు చూపించాడు. తొడుగు యజమాని పరీక్షకు ఒప్పుకుంది, కింద నా వేలిముద్ర. ఏజెంటు దాన్ని షెడ్డుకి పరీక్ష కోసం అప్పగించింది. పని అని ఎక్కడా లేదు.

“పరీచ్చ ఎప్పుడవుద్ది బావూ?” అన్నాను.

“అది సట్టంలో నేదమ్మా. ఎన్నాళ్ళని ఎవులూ రాయనేదు. నాకు పనవుతంది, నానేటి సేత్తాను? నిజం సెప్పాలంతే, ఇంత మంచి అతుకు నానెక్కడా సూడనేదు.”

“ఆ అతుకేసిన మనిసికి ఉజ్జోగం నేదు” అన్నాను.

ఆయన కాగితాలు మడిచి పక్కన పెట్టేశాడు.

తొడుగు తీసి ఇవ్వమంటే అది తన చేతిలో లేదన్నాడు. మరచేతికి తాళం వేసింది ఏజెంటు, తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. యజమాని చెయ్యగలిగింది ఒక్కటే. మరచేతి మీద అరచెయ్యి ఆనించి చెరిపెయ్యమంటే తొడుగు ఊడి వచ్చేస్తుంది. కానీ అది నేర్చుకున్నదంతా పోతుంది. బయటికి వచ్చేది కొత్త తొడుగులాంటిదే, ఖాళీది.

ఏకాదశి

ఉపవాసమని కాదు గానీ ఏమీ తినబుద్ధి కాలేదు. అప్పలకొండ జావ చేసి పెట్టాడు. ఆయన లెక్క ఆయన చెప్పాడు. చెరపొద్దు. ఎప్పటికైనా శశిరేఖ దొరుకుతుంది, దొరికితే నిండు తొడుగు తిరిగి వస్తుంది. ఈ ఏడాది ఓడ పోతే పోయింది, క్యాంటీన్ కూడు ఇద్దరికీ సరిపోతుంది. చెరిపేస్తే మాత్రం పద్దెనిమిదేళ్ళ పని సముద్రంలో కలిసిపోతుంది, రేపు ఎక్కడికెళ్ళినా కొత్త కూలీ వరసలో నిలబడాలి.

ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. అందుకే మరీ మంటగా ఉంది. కానీ నా చెయ్యి అక్కడ అలా పని చేస్తూ ఉంటే, నేను ఇక్కడ కూర్చుని నాచు గీకుతూ ఉంటే, అది తిన్న అన్నం ఒంటపట్టే బతుకు కాదు. శశిరేఖ దొరకదు. దొరికే మనిషైతే ఆఫీసు చూపించేది. రోజులు గడిచేకొద్దీ షెడ్డుకి నా అతుకు అలవాటైపోతుంది, నేను అక్కర్లేకుండా పోతాను.

“సెరిపేత్తే నీకింకేటి మిగుల్తాదే?” అన్నాడు అప్పలకొండ.

“సెయ్యి” అన్నాను.

ఆ తర్వాత ఏడ్చాను. ఊరికే కళ్ళు తుడుచుకునే ఏడుపు కాదు, గట్టిగానే ఏడ్చాను. ఆయన నా ఎడమచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

త్రయోదశి

షెడ్డుకి వెళ్ళాను. జగన్నాయకులికి విషయం చెప్పాను. ఆయన నిజంగానే బతిమాలాడు. ఇంతటి అతుకు మళ్ళీ తనకు దొరకదన్నాడు. అతుకు కావాలంటే నన్నే పనిలో పెట్టుకోవచ్చు కదా అన్నాను. మనిషికైతే పొగలో ఊపిరికి గాలి సంచీ, నీళ్ళ వంతు, సెలవులు అన్నీ ఇవ్వాలమ్మా అన్నాడు. దాపరికం లేకుండా చెప్పినందుకు ఆయన మీద నాకు కొంచెం గౌరవమే కలిగింది.

మరచెయ్యి అతుకు మధ్యలో ఉంది. పూర్తయ్యేదాకా ఆగాను. సగం అతుకు వదిలెయ్యడం నాకు చేతకాదు, ఎవరు వేసినా సరే. అది చివరికి వచ్చింది, ఒక్క క్షణం ఆగింది, పిలక ఎడమవైపు తిప్పి ముగించింది. నేనూ అక్కడే ఆగుతాను. ఎందుకు ఆగుతానో నాకే తెలియదు, ఎవరూ నేర్పలేదు. దానికి తెలుసు.

అరచెయ్యి ఆనించాను. చెరిపెయ్యనా అని అది అడిగింది. చెరిపెయ్యి అన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. తొడుగు వదులై చేతిలోకి వచ్చింది. అదే మాసిక, అదే కంపు. తొడుక్కుని వేళ్ళు ముడిచి చూశాను. ఇదివరకు నా వేలు కదిలేలోపే అది కదిలేది. ఇప్పుడు కదల్లేదు.

మరచెయ్యి కొత్త గొట్టం మీద వాలి, ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయింది. జగన్నాయకులు గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

వార్డువారికి ఒక మాట. గోడ మీద రాతలో ఎడమ, కుడి తీసేసి, పనికి వాడని చేతి తొడుగు ఇవ్వమని రాయండి. పరీక్షకు ఆఖరి రోజు రాయకుండా ఎవరూ వేలిముద్ర వెయ్యొద్దని కూడా రాయండి. మా పేటలో పుర్రచెయ్యి నాదొక్కదానిదే అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని. నిన్న నీళ్ళ లైనులో నా సంగతి బయటికి చెబితే, ముగ్గురు ఆడవాళ్ళు నన్ను పక్కకి పిలిచి, మాదీ అదే అని చెవిలో చెప్పారు. వాళ్ళలో ఒకావిడ తొడుగు శశిరేఖ పట్టుకెళ్ళి నెల దాటింది.

చతుర్దశి

తొడుగు పోగొట్టుకున్న ఆవిడని షెడ్డు దారి పట్టించాను. నాచు గీకలేదు. ఇల్లు కొంచెం ఒరిగింది.

పున్నమి

పోటు ఎక్కుతుండగా రేవుకి వెళ్ళాను. అప్పలకొండ మూట మోసుకుని వెనక వచ్చాడు, చోటు దొరక్కపోతే మూట తిరిగి మోసుకెళ్ళడానికి. సరంగు ఎస్తేరు బల్ల దగ్గర జనం పలచబడ్డారు. నా పేరు కొట్టి చూసింది. పరీక్ష లేదు, ఏమీ లేదు. తొడుగు కూడా ఖాళీ అని చూపిస్తోంది. కొత్త కూలీల వరసలో ఒక్క చోటు ఉందంది. తొడుగు ఇచ్చి వెళ్తే ఓడ మీద మరచేతికి తొడిగి చూసి కబురు చేస్తానంది.

ఇవ్వనన్నాను.

ఎస్తేరు తలెత్తి చూసింది. ఆవిడ మంచిదో చెడ్డదో నాకు తెలియదు. మంచిదైనా సరే నేను అడగాల్సినవి అడగాలి. ఓడ ఎవరిది, పని ఎక్కడ, కాగితం మీద ఎవరు సంతకం పెడతారు, అన్నీ అడిగాను. విసుక్కుంటూనే అన్నిటికీ చెప్పింది, పలక నా వైపు తిప్పి చూపించింది. పరీక్ష కావాలంటే నా చేతికి తొడుక్కుని, మీ ఎదురుగా నేనే చేస్తానన్నాను. నా వెనక ఉన్నవాళ్ళు గొణిగారు. ఓడ రెండోసారి కూత వేసింది. అప్పలకొండ మూట ఇటు భుజం మీంచి అటు భుజానికి మార్చుకున్నాడు.

“ఖాళీ తొడుగులో దాసుకోడానికేటుందమ్మా?” అంది ఎస్తేరు.

“రేపు నిండుద్ది” అన్నాను. “నిండేది నా సేతిలోనే నిండాల.”

నా మీద నమ్మకం లేదా అని ఎస్తేరు అడుగుతుందేమో, అడిగితే ఏం చెప్పాలా అనుకున్నాను. అడగలేదు. బల్ల పక్కన పడి ఉన్న రెండు విరిగిన గొట్టం ముక్కల్ని కాలితో నా ముందుకి తోసి, వెల్డింగు మంట తెప్పించింది.

తొడుగు ఎడమచేతికి తొడుక్కున్నాను. అందరూ చూస్తుండగా, పట్టపగలు, మొదటిసారి. తొడుగు ఏ సాయమూ చెయ్యలేదు. చెయ్యి ఒక్కటే చేసింది. మొదట కొంచెం తడబడింది, అక్కడ అతుకు కాస్త లావెక్కింది, అది నాకు కనిపిస్తూనే ఉంది. సగానికి వచ్చేసరికి సర్దుకుంది. చివర ఆగాను, వెనక్కి తిప్పి నింపాను. ఎస్తేరు వంగి ఆ చివరినే చాలాసేపు చూసింది. మొదట్లో లావెక్కిన చోట వేలు పెట్టి, ఇది సముద్రంలో అయితే కారుతుంది అంది. అవునన్నాను. మిగతాదానికి వంక పెట్టలేదు.

కాగితం ఇచ్చింది. పూర్తిగా చదివాను. కొత్త కూలీ, ఏడాది, ఓడ పేరు, ఆవిడ పేరు, అన్నీ ఉన్నాయి. ఒక్కటి మాత్రం లేదు.

“పరీచ్చ ఎప్పుడవుద్దో ఇందులో రాయనేదు” అన్నాను.

ఎస్తేరు కాగితం లాక్కుని, పరీక్షకి ఈరోజే ఆఖరని రాసి, నా చేతిలో పెట్టింది.

“అయిపోయింది. ఎక్కు.”